వల సూది

చేపల రేవులో వలని ఎవరూ తిట్టరు.
చిరిగి వస్తే జెట్టీ మీద పరుస్తారు,
కన్నూ కన్నూ వేళ్ళతో తడుముతారు.
ఏ రాయి, ఏ సొర, సరంగుదా తప్పు,
అవన్నీ తర్వాత, టీ తాగేటప్పటి మాటలు.
ముప్పయ్యేళ్ళుగా నా పని ఇదే.
అయినా నిన్ను తిట్టాను, ఎల్లాజీ.

మొదట భుజం నొప్పి.
పద్దెనిమిది రోజుల వేట, కంటి మీద కునుకు లేదు,
బోటు మీద ఎవడో మాత్ర ఇచ్చాడు.
"ఏసుకోరా, రేతిరంతా లాగెయ్యొచ్చు."
లాగావు.
ఆ వేట డబ్బుతోనే ఇంటి మీద రేకులు మార్చాం.
ఆ రేకుల కిందే కూర్చుని
నిన్ను దొంగ అన్నాను.

తర్వాత మాత్ర చాలలేదు.
పాత పోస్టాఫీసు వెనక సందులో ఏదో సూది.
మోచేతి మడతలో నల్లచుక్కలు చూస్తే
దోమలన్నావు.
"సెయ్యంతా ఒగ్గేసి ఒక్క సోటే కుడతాయేటి?" అంది మీ వదిన.
నేను అడగలేదు.
తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాలి కదా.

కుక్కర్ పోయింది. గ్యాసు బండ పోయింది.
మా చంటిదాని కాలి పట్టీ
ఒకటే పోయింది.
రెండోది ఎందుకు వదిలేశావో నాకిప్పటికీ తెలీదు.
మీ వదిన మాత్రం దాన్ని చీర మడతలో దాచుకుంది,
అమ్మమంటే అమ్మదు,
కరిగించి ఇంకోటి చేయిద్దామన్నా ఒప్పుకోదు.

ఆ శనివారం నిన్ను కరెంటు స్తంభానికి కట్టింది నేనే.
ముడి వెయ్యడం నాకు బాగా వచ్చు.
తడిస్తే ఇంకా బిగుసుకునే ముడి.
పేటంతా చూసింది. కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తారు.
ముక్కు కారుతోంది, ఒళ్ళంతా చెమట,
చలేస్తోందన్నావు మండుటెండలో.
"అన్నా, దాహం" అన్నావు.
నాటకం అన్నాను.
సాయంత్రం వాన పడింది.
కత్తితో కొయ్యాల్సి వచ్చింది తాడు.

పెదవాల్తేరు ఆసుపత్రిలో
చీటీ రాసే సిస్టరమ్మ అడిగింది, "ఏంటి బాధ?"
"దొంగతనమండి" అన్నాను.
"మిమ్మల్ని కాదు, ఆయన్ని అడిగాను" అంది, తలెత్తకుండానే.
నువ్వు చాలాసేపు నేలకేసి చూశావు.
"నిద్ర పట్టదమ్మా."
మూడేళ్ళు.
మూడేళ్ళలో నిన్ను ఎవరైనా అడగడం
అదే మొదలు.

నీ పక్క మంచం గాజువాక వెల్డరుది.
అటుపక్క కంచరపాలెం కుర్రాడు, ఇంజనీరింగు మూడో ఏడు,
వాళ్ళ నాన్న రోజూ గేటు దాకా వచ్చి
లోపలికి రాకుండా క్యారేజీ ఇచ్చి వెళ్ళిపోయేవాడు.
ఒకరోజు ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను.
ఎందుకో తెలీదు.
నా చేతులకి అప్పటికి ఇంకో పని లేదు.

ఇంటికొచ్చాక వల ముందు కూర్చోబెట్టాను.
ఈ సూది వేరు, దీనికి మొన లేదు,
గుచ్చదు, కన్నుల్లోంచి దూరి పోతుంది, అంతే.
నీ చెయ్యి వణికింది.
గంటకి నాలుగు కన్నులు.
చిన్నప్పుడు నువ్వు నలభై అల్లేవాడివి.
నాలుగూ లెక్కపెట్టాను,
నీకు వినిపించకుండా.

దసరాకి పది రోజుల ముందు
మళ్ళీ జారావు.
రెండు రాత్రులు రాలేదు.
మూడో రాత్రి ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన దొరికావు,
కళ్ళు తెరవకుండానే అన్నావు,
"కొట్టన్నా, కొట్టీ."
నీ మణికట్టు మీద నా ముడి మచ్చ ఇంకా ఉంది.
దాని మీద చెయ్యి వేశాను, కొట్టడానికి కాదు.
లేవలేకపోయావు. నేనూ కూర్చున్నాను.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం
తిరిగి వచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది.

పోయిన నెలే కదా బాగుచేశాను అని
ఏ వలతోనైనా అన్నానా ఎప్పుడైనా?

రేపు పొద్దున్నే బస్సుకి పెదవాల్తేరు వెళ్దాం.
మళ్ళీనా అని అడిగితే
అడగనీ.
తలుపు గడియ పెట్టలేదు.
అన్నం కుక్కర్‌లో ఉంది.
కొత్తది, గట్టు మీదే,
ఎప్పుడూ ఉండే చోట.